తేమ తగలని గది

ఆ వానాకాలం మా ఇంట్లో అన్నిటికీ బూజు పట్టింది, మా ఆయన వాచీలకు తప్ప.

బీరువాలో చీరలు ముక్కిపోయాయి. గుమ్మంలో విడిచిన చెప్పుల మీద పచ్చగా నూగు లేచింది. మా అత్తగారి మందుల సీసాలో మాత్రలు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయ్యాయి. హాలు గోడ ఉబ్బి, పెచ్చులూడి, సోఫాలో కూర్చున్నవాళ్ళ నెత్తిన సున్నం రాలుతుండేది. ఒక్క గదిలో మాత్రం గాలి ఎండుటాకులా పెళుసుగా ఉండేది. అది వాచీల గది. దానికి ఏసీ ఉంది. ఏసీ చాలదన్నట్టు మూలన గుర్రుమంటూ తేమ పీల్చే మెషిను ఉంది. ఆ మెషిను తొట్టిలో చేరిన నీళ్ళు పొద్దున్నే పారబోయడం నా వంతు.

మా ఆయన అమ్మేది కుళాయిలు, వాష్‌బేసిన్లు, టాయిలెట్ సీట్లు. షోరూమంతా తళతళ. కుళాయి మీద వేలిముద్ర కనబడితే పనివాళ్ళ మీద ఒంటికాలి మీద లేచేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆయన మనసంతా మాసిపోయిన సరుకు మీదే. క్రోనోగ్రాఫులంటారు వాటిని. టైము చూపించడమే కాకుండా, పక్కనున్న మీట నొక్కితే ఒక ముల్లు పరుగు అందుకుంటుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. ఎప్పుడో కార్ల పందేలకీ విమానాలకీ చేసిన చేతి గడియారాలు. ఎంత పాతదైతే అంత గొప్ప. ఎవరూ తుడవకుండా, మెరుగు పెట్టించకుండా, మొదటి యజమాని చెమటతో సహా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

పేపర్లో అందరం ఆఖర్న చూసే పేజీ ఆయన మొదట చూసేవాడు. పోయినవాళ్ళ ఫొటోలు. రిటైరైన పైలటో, ఇంజనీరో అయితే మణికట్టు కనబడుతుందేమోనని భూతద్దం పెట్టేవాడు. కనబడిందా, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని పరామర్శకు బయల్దేరేవాడు. మొదట్లో నన్నూ తీసుకెళ్ళాడు, ఆడవాళ్ళు పక్కనుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు కాస్త మనసు విప్పుతారని. ఒకసారి ఒక ముసలావిడ నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, ఈయన వెనకాల షోకేసు దగ్గర నిలబడి మెడ సాచి లోపలికి చూస్తున్నాడు. ఆ తర్వాత నేను వెళ్ళడం మానేశాను.

నాన్న మా ఇంటికి వచ్చింది కంటి ఆపరేషను కోసం. పశువుల డాక్టరు. రిటైరై చాలా కాలమైనా చేతిలో పనితనం పోని మనిషి. నేను పాల డెయిరీలో, పాలు పరీక్షించే గదిలో పనిచేస్తాను. మా డెయిరీవాళ్ళు పాలు పోసే రైతుల కోసం కొత్తగా పశువుల ఆసుపత్రి కట్టించి, నాన్నని రమ్మన్నారు. వానలు తగ్గేటప్పటికి కన్ను కుదురుకుంటుంది, అప్పుడు చేరతానని నాన్న మాటిచ్చాడు. అమ్మ పోయాక ఆయన గొంతులో అంత హుషారు వినడం అదే మొదలు.

మా పెళ్ళయినప్పట్నుంచీ మా ఆయన నాన్నతో నేరుగా మాట్లాడింది తక్కువ. "మీ నాన్న తిన్నాడా," "మీ నాన్న ఎప్పుడెళ్తాడు" అని నాతో అనేవాడు. నేను మధ్యలో టెలిఫోను తీగని. నాన్న ఒంటి మీద పశువుల వాసన వస్తుందని ఆయన నమ్మకం. వచ్చేది కూడా. నాకది ఇష్టం.

ఆపరేషనై నాన్న ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున టీ తాగుతున్నాం. నాన్న నల్లకళ్ళజోడు పెట్టుకుని, చక్కెర డబ్బా కోసం చెయ్యి చాచాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. మా ఆయన కప్పు నోటి దగ్గర ఆగిపోయింది.

"మామయ్యగారూ," అన్నాడు.

నేనూ మా అత్తగారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ పిలుపు ఆ ఇంట్లో మేం ఎన్నడూ వినలేదు.

"ఒకసారి చెయ్యి ఇలా ఇస్తారా?"

నాన్న ఎడమచెయ్యి ఇచ్చాడు. "నాడి చూస్తారా అల్లుడుగారూ? బానే కొట్టుకుంటోంది, పొద్దున్నే చూసుకున్నా."

మా ఆయన వినిపించుకోలేదు. చేతిని రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. నాన్న కుర్చీతో సహా జరగాల్సొచ్చింది.

"ఇది మీకెక్కడిది?"

"మొదటి ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నా. ఒక ముసలి డాక్టరమ్మ ఊరొదిలి పోతూ సామానంతా అమ్మేసింది. ఒక మంచం, ఇదీ తీసుకున్నా. మంచం విరిగింది, ఇది ఉంది."

"మధ్యలో ఎప్పుడైనా పాలిష్ చేయించారా? డయలు మార్పించారా?"

"లేదు బాబూ. ఏడాదిగా ముల్లు కుంటుతోంది. చైను కొక్కెం కూడా బిగుసుకుపోయింది, నెలైంది ఊడి రాక. స్నానానికీ చేతికే, నిద్రకీ చేతికే. మీ బజార్లో మంచి రిపేరు వాడుంటే చూపిద్దామనే..."

"వద్దు." మా ఆయన ఎంత గట్టిగా అన్నాడంటే మా అత్తగారి చేతిలో బ్రెడ్డు ముక్క టీలో పడింది. వెంటనే గొంతు తగ్గించాడు. "వద్దు మామయ్యగారూ. బజారు వాళ్ళ చేతికిస్తే నాశనం చేస్తారు. దీన్నెవరూ ముట్టుకోకూడదు. మీరు కూడా."

అది నాడి చూసే క్రోనోగ్రాఫట. డాక్టర్ల కోసం ఏవో కొన్నే చేశారట. అంతకన్నా అరుదైనది దాని చైనట. నాన్న ఆ వాచీని ఎలా వాడతాడో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎడమచేతి వేళ్ళు ఆవు దవడ కింద పెడితే, వాచీ సరిగ్గా కళ్ళ ఎదుటికి వస్తుంది. వేళ్ళకి నాడి దొరగ్గానే కుడి బొటనవేలితో మీట నొక్కుతాడు. ముప్పై దెబ్బలయ్యాక మళ్ళీ నొక్కితే, నిమిషానికి నాడి ఎంతో ముల్లే చూపిస్తుంది. ఆవు కదులుతున్నా, వాన పడుతున్నా నాన్న వేళ్ళు కదిలేవి కావు.

ఆ మధ్యాహ్నమే నాన్న పక్క వాచీల గదిలోకి మారింది.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి, పనివాళ్ళు మంచం మొయ్యడం చూస్తూ అంది, "మోకాళ్ళు పట్టేస్తున్నాయిరా, ఆ గది ఇవ్వరా అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నానో. అన్నయ్యగారు వచ్చీ రాగానే ఏసీ. ఆయన జాతకం ఏమిటో గానీ, నేనూ ఒక వాచీ పెట్టుకు పుట్టాల్సింది."

"మీరొచ్చి పడుకోండి చెల్లెమ్మా, నేను హాల్లో పడుకుంటా," అన్నాడు నాన్న.

"నన్ను పడుకోనిస్తాడా? నా చేతికి గాజులున్నాయి."

నేను మాత్రం మురిసిపోయాను. మెత్తటి పరుపు, పళ్ళు, టీ అడగకముందే టీ. మా ఆయన షోరూమునించి ఫోన్ చేసి మరీ నాన్న భోంచేశాడా అని కనుక్కునేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈ మనిషిలో ఇంత మంచి ఉందా అనుకున్నాను. వారం తిరక్కుండా నాన్న పెదాలు పగిలాయి. ఆపరేషనైన కన్ను ఎర్రబడింది. చుక్కలు వేస్తుంటే ఆ గాలికి కంట్లోనే ఆరిపోయేవి.

"అమ్మడూ," అన్నాడొక రోజు, మూలనున్న మెషినుకేసి చూస్తూ, "నన్నేమైనా ఎండబెడుతున్నారేమే?"

మెషిను కట్టేశాను. సాయంత్రం మా ఆయన వచ్చి, గోడకున్న తేమ మీటరు చూసి, మళ్ళీ వేశాడు. "ఆయన కళ్ళు ఎండిపోతున్నాయండీ" అంటే, "చుక్కలు ఎక్కువ వెయ్యి" అన్నాడు. "ఇప్పుడు లోపలికి తేమ వెళ్ళిందంటే ఇన్నేళ్ళు కాపాడిందంతా పోతుంది." ఎవరు కాపాడారో, దేన్నో, నాకప్పుడు కొంచెం కొంచెంగా అర్థం కాసాగింది.

కొక్కెంలో రెండు చుక్కల నూనె వేస్తే వచ్చేస్తుందని నాన్న రెండుసార్లు అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. నూనె పోస్తే కొక్కెంలో గడ్డకట్టిన మట్టి కరిగిపోతుందట. ఆ మట్టే దాని వయసుకి సాక్ష్యమట. ఇలాంటివి విప్పడానికే పుట్టిన నిపుణుడొకడు వానలు వెలిశాక వస్తాడు, అప్పటిదాకా చైను చేతికే ఉండాలి. సరే, మరి స్నానం? దానికీ దారి కనిపెట్టాడు. పొద్దున్నే ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చి, నాన్న ఎడమచేతికి మోచేతి దాకా తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేసేవాడు. మామగారి చెయ్యి అంత శ్రద్ధగా పట్టుకున్న అల్లుణ్ణి నేను చూడలేదు. పక్కింటావిడ చూసి, "అదృష్టవంతురాలివమ్మా" అంది నాతో.

"ఆవు కడుపులో చెయ్యి పెట్టేప్పుడు తొడుక్కునేవాణ్ణి," అనేవాడు నాన్న నవ్వుతూ. "స్నానానికి తొడుక్కోవడం ఇదే."

ఆదివారం మా ఆయన స్నేహితులిద్దరు వచ్చారు. ఒకడు పళ్ళ డాక్టరు, ఒకడు రోడ్ల కాంట్రాక్టరు. ఇద్దరికీ ఇదే పిచ్చి. నాన్నని హాల్లో దీపం కింద కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద మెత్తటి నల్లగుడ్డ పరిచి, దాని మీద నాన్న చెయ్యి పెట్టారు. చేతికి ఇవతల మనిషి ఉన్నాడన్న ధ్యాస ఇద్దరికీ లేదు. పళ్ళ డాక్టరు కంటికి భూతద్దం తగిలించుకుని మణికట్టు మీదకి వంగాడు. వంగి వంగి చివరికి ముక్కు ఆనించాడు.

"అబ్బా," అన్నాడు కళ్ళు మూసుకుని. "ఇది చూశావా? లింకుల మధ్య ఈ పేరుకున్నది. ఎవ్వరూ కడగలేదు. ఎన్నేళ్ళ నాటిదో."

"అది పేడండీ," అన్నాడు నాన్న.

పళ్ళ డాక్టరు తలెత్తాడు.

"పేడ, మాయ, చీము, అన్నీ ఉంటాయి. దూడ అడ్డం తిరిగితే భుజం దాకా పెట్టాలి కదా. మామూలుగా తీసి జేబులో వేసుకునేవాణ్ణి. తొందరలో ఒక్కోసారి మర్చిపోతాం. ఒకసారి గేదె గర్భం కుళ్ళితే, లోపల్నించి ముక్కలు ముక్కలుగా..."

టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ నేను నవ్వు ఆపుకుంటున్నాను. ఇప్పుడు ఈ పెద్దమనుషులు చెయ్యి వదిలేసి సబ్బుకోసం పరుగెత్తుతారనుకున్నాను.

"అద్భుతం," అన్నాడు కాంట్రాక్టరు.

పళ్ళ డాక్టరు ఫోను తీశాడు. "మాస్టారూ, మళ్ళీ చెప్పండి. గర్భం దగ్గర్నించి. ఇటు చూస్తూ."

నాన్న నా వైపు చూశాడు. నా నవ్వు ఎక్కడిదక్కడ చచ్చిపోయింది. ఆయన మర్యాదస్తుడు, అడిగారు కదా అని మళ్ళీ చెప్పాడు. వాళ్ళు ఆ మురికిని గోటితో తాకీ తాకనట్టు తాకి, ఆ చేతులతోనే బిస్కెట్లు అందుకున్నారు. పళ్ళ డాక్టరు వేలికి అంటిన పొడి కూడా నాకాడు. పాలల్లో పురుగుని వెతికే ఉద్యోగం నాది. అసహ్యం నాకు కొత్త కాదు. కానీ ఆ పూట నాకది కలిగింది పేడని చూసి కాదు.

వంటింట్లో కప్పులు కడుగుతుంటే కాంట్రాక్టరు మంచినీళ్ళ వంకతో వచ్చాడు.

"పెద్దాయనకి బీపీ, షుగరూ ఏమైనా ఉన్నాయామ్మా?"

"ఏం లేవండీ. రాయిలా ఉన్నారు."

"సంతోషం," అన్నాడు. రైలు ఆలస్యమని విన్నవాడి మొహం పెట్టాడు. "ఏం లేదు, యజమాని చేతి మీద ఆఖరుదాకా ఉన్న వాచీ అంటే దాని లెక్కే వేరు. మీవారు చెప్పే ఉంటారు."

వాళ్ళు వెళ్ళాక మా ఆయన్ని అడిగాను. "ఆఖరుదాకా అంటే ఏమిటండీ?"

"అది... వాళ్ళ భాషలే. నువ్వు ప్రతీదానికీ..."

"నాన్న వానలు తగ్గాక పనిలో చేరుతున్నాడు. చేతికి వాచీ కావాలి. నడిచే వాచీ."

"పని కోసం వేరేది కొనిస్తానులే. ఎన్ని కావాలంటే అన్ని."

మర్నాడే నేను నాన్నకి చెప్పి, ఆయన్ని డెయిరీవాళ్ళు ఇస్తామన్న క్వార్టర్సుకి మార్చేసి ఉండాల్సింది అని మీకనిపించవచ్చు. క్వార్టర్సు ఇంకా ఖాళీ కాలేదు. కన్ను ఇంకా మానలేదు. నాన్న కూడా, "పోనీలేవే, మనల్ని ఇష్టపడ్డా, మన వాచీని ఇష్టపడ్డా, కూడు బానే పెడుతున్నాడు" అన్నాడు.

వాన విడవకుండా కొట్టిన ఒక పొద్దున, స్నానాల గదిలోంచి దబ్బుమని చప్పుడు వినబడింది. నేను వెళ్ళేసరికి నాన్న గోడకి ఆనుకుని పక్కకి ఒరిగి ఉన్నాడు. పడబోతూ ఎడమచేత్తో గోడకున్న కడ్డీ పట్టుకోబోయాడు. చేతికున్న కవరు తడిసి ఉంది. కడ్డీ మీంచి సర్రున జారింది. అదే చెయ్యి కింద పడింది.

మా ఆయన నా వెనకే వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని నాన్న చేతిని రెండువైపులా తిప్పి చూశాడు. నాన్న పళ్ళు బిగించాడు.

"కవరు చిరగలేదు," అన్నాడు మా ఆయన.

ఎముకల ఆసుపత్రికి వెళ్ళేసరికి మణికట్టు ఉబ్బి, చైను రెండువైపులా కండ పొంగుకొచ్చింది. డాక్టరు దూరాన్నుంచే చూసి, "ముందు ఆ వాచీ తీసెయ్యండి, తర్వాతే ఎక్స్‌రే" అని పక్క గదిలోకి వెళ్ళాడు. నర్సు కొక్కెం లాగింది. అది రాలేదు. చిన్న కత్తి మొన పెట్టి చూసింది. నాన్న మొదటిసారి మూలిగాడు.

"కోసెయ్యాలి," అంది నర్సు.

"కోయకండి," అన్నాడు మా ఆయన. ఫోను అప్పటికే చెవి దగ్గరుంది. "సిస్టర్, ఒక్క గంట. మా ఫ్రెండు పళ్ళ డాక్టరు, సన్న పనిముట్లు తెస్తున్నాడు. పిన్ను తీసేస్తే చైను దానంతటదే వస్తుంది. ఎక్కడున్నావురా? ఏ సిగ్నల్ దగ్గర?"

"గంట ఆగితే చెయ్యి ఏమవుతుందో తెలుసా?"

"ఐసు పెడితే వాపు తగ్గుతుంది కదా. ఐసుందా?"

ఆయనే పరుగెత్తి ఐసు తెచ్చాడు. రుమాలులో చుట్టి, నాన్న చేతిని జెండాలా పైకెత్తి పట్టుకున్నాడు. ఐసు నీళ్ళు వాచీ మీదకి కారకుండా దూది అడ్డం పెట్టాడు. అది నేను కళ్ళారా చూశాను. నర్సు డాక్టరు కోసం వెళ్ళింది. డాక్టరు మరో రోగి కాలు లాగుతున్నాడు, అరుపులు వినబడుతున్నాయి. పళ్ళ డాక్టరు ఇంకా దారిలోనే ఉన్నాడు. నాన్న వేళ్ళు మొదట ఎర్రబడ్డాయి, తర్వాత వంకాయ రంగుకి తిరిగాయి.

"ఏమండీ, కోయించండి."

"ఆ చైనులాంటిది ఇంకోటి దొరకదే. నీకర్థం కాదు. వాడు వచ్చేస్తున్నాడు."

నాన్న కళ్ళజోడు తీసేశాడు. ఎర్రటి కంటితో నా వైపు తిరిగాడు. "అమ్మడూ, చిటికెనవేలు ఉందా?"

"ఉంది నాన్నా."

"నాకు తెలియట్లేదు. దాని పక్కది కూడా."

నేను బయటికి వెళ్ళాను. వరండాలో కరెంటు పనివాడు స్టూలెక్కి ట్యూబ్‌లైటు మారుస్తున్నాడు. "అన్నా, కటింగ్ ప్లేయరు ఒకసారి ఇస్తావా" అన్నాను. ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చాడు. లోపలికి వచ్చి నాన్న చెయ్యి మా ఆయన చేతుల్లోంచి తీసుకుని, బల్ల మీద పెట్టాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఆయన.

చైను అడుగున మొన దూర్చడానికి చోటు లేదు. చర్మం నొక్కుకుంటుందని తెలిసే దూర్చాను. రెండు చేతులా బలంగా నొక్కాను. ఒక లింకు టప్పుమంది. ఇంకోవైపు మళ్ళీ దూర్చాను. రెండోది తెగేసరికి చైను ఊడి, వాచీ బల్ల మీద పడింది.

కింద చర్మం నానిన కాగితంలా తెల్లగా, గాట్లు గాట్లుగా ఉంది. ఆ గాట్లలో నల్లటి జిగురు. వాసన గుప్పుమంది. ఆ ఆదివారం పళ్ళ డాక్టరు ముక్కు పెట్టి పీల్చిన వాసన అదే. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. నర్సు వచ్చి, నన్నూ నా చేతిలోదాన్నీ చూసి, నీళ్ళూ గుడ్డా తెచ్చింది.

"ఏమండీ, మోచెయ్యి కాస్త పట్టుకోండి, సిస్టర్ తుడుస్తుంది."

చూస్తే ఆయన బల్ల కింద ఉన్నాడు. ఫోను లైటు వేసి నేలమీద వెతుకుతున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు కింద నుంచే. "ఒక పిన్ను కనబడట్లేదు."

నేనే పట్టుకున్నాను.

కట్టు కట్టారు. అది ఉన్నన్నాళ్ళూ మా ఆయన నాతో మాట్లాడలేదు. నాన్న పక్క మళ్ళీ హాల్లోకి వచ్చింది, ఎవరూ మార్చమనలేదు, ఒక రోజు అలా మారి ఉంది. పళ్ళూ, అడక్కముందే టీ రావడం ఆగిపోయింది. నాన్న మళ్ళీ "మీ నాన్న" అయ్యాడు. మా అత్తగారు మాత్రం పొద్దున్నే తన టీ సగం నాన్న కప్పులో పోసి, ఎదురుగా కూర్చుని తాగేది.

కట్టు విప్పేటప్పటికి ఎముక అతుక్కుంది. మూడు వేళ్ళకి స్పర్శ రాలేదు. నరం చాలాసేపు నొక్కుకుపోయిందట. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నాన్న ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, ఎడమచేతి వేళ్ళు తన మెడమీద పెట్టుకున్నాడు. కాసేపటికి ఇంకోచోట పెట్టుకున్నాడు. పైనుంచి సున్నం రాలి భుజం మీద పడింది. దులుపుకోలేదు.

ఆ ఆదివారం మా ఆయన వంటింట్లోకి నవ్వుతూ వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనే తప్పుగా అనుకున్నాను. నువ్వు కోయడమే మంచిదైంది."

ఆయనకి నాన్న వేళ్ళ సంగతి ఇన్నాళ్ళకి తట్టింది కాబోలు అనుకుని, కళ్ళు చెమర్చాయి నాకు.

"చైను మామూలుగా ఉంటే అదొక చైను. తెగింది కాబట్టి దానికో కథ వచ్చింది. యజమాని చేతిమీంచి, సొంత కూతురు కోసి తీసింది. ఎక్కడుంది ఇలాంటి పీసు? కాంట్రాక్టరు ఊగిపోతున్నాడు. మీ నాన్న చేతి మీద ఆ చైను మచ్చ ఉంది కదా, పక్కన వాచీ పెట్టి ఫొటో తీస్తారట. నువ్వు కూడా కాస్త మంచి చీర కట్టుకుని రా. ఆ కరెంటు వాడి కటింగ్ ప్లేయరు దొరికితే కొనమంటున్నాడు."

నా భుజం మీద ఆయన చెయ్యి చల్లగా, పొడిగా ఉంది. తీసేశాను. మంచి చీర కట్టుకోలేదు. హాల్లోకి మాత్రం వెళ్ళాను, నాన్న ఒక్కడూ వాళ్ళ మధ్య ఉన్నాడని.

నాన్న నిలబడి ఉన్నాడు. చొక్కా చెయ్యి మడిచి పెట్టారు. పళ్ళ డాక్టరు ఫోను సర్దుకుంటున్నాడు. కాంట్రాక్టరు వాచీని నల్లగుడ్డలోంచి తీసి నాన్న ఎడమ అరచేతిలో పెట్టాడు.

"పట్టుకోండి మాస్టారూ. వేళ్ళు మూయండి. మచ్చ కనబడాలి. అదీ."

నాన్న పట్టుకున్నాననే అనుకున్నాడు. చేతికేసి చూడటం లేదు, ఫోనుకేసి చూస్తున్నాడు. వాచీ వేళ్ళ మధ్యనుంచి నెమ్మదిగా జారి, నేల మీద పడింది.

ముగ్గురూ ఒక్కసారే దూకారు. ముగ్గురు పెద్ద మగాళ్ళు, మోకాళ్ళ మీద, తలలు ఢీకొట్టుకుంటూ. "అద్దం పగిలిందా?" "జరుగు, తొక్కుతావ్." "అదుగో సోఫా కింద." నాన్న చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది, వేళ్ళు సగం మూసి. అందులో ఏమీ లేదని ఆయనకి కాసేపటిదాకా తెలియలేదు.

గుమ్మంలోంచి మా అత్తగారంది, "ఒరేయ్, మనిషి నిలబడి ఉన్నాడ్రా అక్కడ."

ఎవరూ తలెత్తలేదు.

మా ఆయన వాచీ దొరకబుచ్చుకుని, ఊది, చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు నాన్న చొక్కా చెయ్యి కిందకి లాక్కుంటూ అన్నాడు, "ఉంచుకోండి అల్లుడుగారూ. నాడి వేళ్ళకి తెలియనప్పుడు నేను ముల్లు చూసి ఏం చేసుకోను."

"నిజంగానా మామయ్యగారూ," అన్నాడు మా ఆయన. నేల మీద నుంచే, చేతులు జోడించి.

నేను లోపలికి వెళ్ళి ముక్కవాసన కొట్టే చీరలు సంచిలో కుక్కాను. గొడవేమీ జరగలేదు. నాన్నని దింపి వస్తానని ఆయన అనుకున్నాడు, నేను కాదనలేదు. మా అత్తగారికి మాత్రం తెలిసింది. గేటు దాకా గొడుగు పట్టి వచ్చింది.

"నన్నూ తీసుకుపోవే అందామనుంది," అంది. "కానీ వాణ్ణి కన్నాను కదా."

డెయిరీ క్వార్టర్సులో ఒకటే గది, వెనక వంట వసారా. కిటికీకి ఒక అద్దం లేదు. నాన్న కుడిచేత్తో నేర్చుకుంటున్నాడు. ఎడమచేతికి పట్టుబడిందంతా కుడిచేతికి మొదట్నించీ నేర్పాలి, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు. కొన్ని రోజులు నాడి దొరుకుతుంది. కొన్ని రోజులు దొరక్క, గేదె మెడకి తల ఆనించి నిలబడిపోతాడు. ఆసుపత్రివాళ్ళు మంచివాళ్ళు, తొందరపెట్టలేదు. ఎన్నాళ్ళు పెట్టరో తెలియదు.

ఆఖరి వానలు పడుతున్నప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. నేను వచ్చేశాక అదే మొదటిసారి.

"మీ నాన్న చెయ్యి ఎలా ఉంది?"

ఆ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నానో వినేదాకా నాకే తెలియలేదు. బొటనవేలు, చూపుడువేలు బానే ఉన్నాయన్నాను. మిగతావాటికి సూది గుచ్చినా తెలియట్లేదన్నాను. రోజూ వేడినీళ్ళలో పెడుతున్నానన్నాను. అన్నీ విన్నాడు.

"ఆ రోజు ఎక్స్‌రే తీశారు కదా. ఆ ఫిల్ము మీ దగ్గరే ఉందా?"

"ఉంది. వేరే డాక్టరుకి చూపిస్తారా?"

"కాంట్రాక్టరు అడుగుతున్నాడు. వాచీ, తెగిన చైను, ఫొటో ఉన్నాయి. అదీ ఉంటే సెట్టు పూర్తవుతుంది. పారెయ్యలేదు కదా?"

నేను కిటికీకేసి చూశాను. అద్దం లేని చోట నాన్న విరిగిన మణికట్టు, తెల్లగా, వెలుతురుకి ఎదురుగా ఉంది. నాలుగు మూలలా మేకులు నేనే కొట్టాను.

"పారెయ్యలేదు. కిటికీకి కొట్టాం, జల్లు లోపలికి రాకుండా."



"తడిసిపోతుందే," అన్నాడు.